కందెన

నారాయణఖేడ్ దగ్గర మా ఊళ్లో, కాక వాళ్ల మేకల కొట్టానికి ఒక వింత గడియ ఉంటుంది. ఇరవై అంగుళాల ఉక్కు పట్టె. ఒక కొస గుండ్రంగా ఉంటుంది, అంచు పొడవునా సన్నటి గాడి. మధ్యలో అరచేతి వెడల్పున నీలం మరక. కొత్తవాళ్లు పెయింట్ అనుకుంటారు. అది చెట్లు కోసే మిషన్ తాలూకు బార్. ఆ నీలం నా వల్ల వచ్చింది.

కాక అంటే మా నాన్న తమ్ముడు. మా వైపు పిలుపులు ఇట్లాగే ఉంటాయి. 1956 దాకా ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది, అందుకే మా మాటల్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ ఏది ఎక్కడ కలుస్తుందో మాకే తెలీదు. కాకకి రెండెకరాల చేను ఉంది. కంది, పత్తి. చేనులో పని లేని నెలల్లో మిషన్ భుజానేసుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. గాలికి పడ్డ యాప చెట్లు, ఎండిన తుమ్మలు, కరెంటు తీగలకు తగిలే కొమ్మలు. మిషన్ పేరులేని చైనా సరుకు, 58 సీసీ. జహీరాబాద్‌లో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

రెండేళ్ల కింద ఉగాదికి పోయినప్పుడు, పనేం లేక ఆయన వెంట చేనుకు వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. మిషన్‌కి రెండు మూతలున్నాయి. ఒకదాంట్లో పెట్రోల్, లీటరుకి 40 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ కలిపి పోయాలి. రెండోదాంట్లో చైన్ ఆయిల్. పెట్రోల్ ట్యాంకు 550 మిల్లీలీటర్లు, ఆయిల్ ట్యాంకు 260. అరగంటకో ముప్పావుగంటకో పెట్రోల్ అయిపోతే ఆగి పోస్తున్నాడు. పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా పోస్తున్నాడు. ఆ ట్యాంకూ ఖాళీయే!

నాకు అది లీక్‌లాగా కనిపించింది. పెట్రోల్ అయిపోయిందంటే అర్థముంది, అది మండుతుంది. ఆయిల్ మండదు కదా, మరి పావు లీటరు ఎటు పోతోంది? కారు ఇంజిన్‌లో ఒకసారి పోసిన ఆయిల్ వేల కిలోమీటర్లు లోపలే తిరుగుతుంది. ఆఫీసులో నా పని సగం ఇదే. సర్వర్లో మెమరీ ఎక్కడ కారిపోతోందో పట్టుకోవడం, బిల్లు తగ్గించడం. పుస్తకాల గురించి రాసినప్పుడు కూడా ఇదే బుద్ధి. "యాభై పేజీలు తగ్గించి ఉండాల్సింది" అని ఎన్ని నవలల గురించి రాశానో లెక్కలేదు.

కాక అన్నం తినడానికి పోయినప్పుడు మిషన్ తిరగేసి చూశాను. అడుగున ఒక చిన్న స్క్రూ, పక్కన ప్లస్, మైనస్ గుర్తులు. అది ఆయిల్‌దేనని అర్థమైంది. మైనస్ వైపు దాదాపు చివరిదాకా తిప్పాను. కాక రాగానే చెప్పాను కూడా. "కాకా, నీ ఆయిల్ ఖర్చు సగం తగ్గించిన."

"అచ్ఛా! గింత సదువు సదివి ఇయ్యాల పనికొచ్చినవ్ రా" అని నవ్వాడు. ఆ సాయంత్రమే నేను హైదరాబాద్ బస్సెక్కాను.

నాకు తెలియని సంగతేమిటంటే, ఆ ఆయిల్ పోవడానికే ఉంది. తిరిగి ట్యాంకులోకి వచ్చే దారి దానికి లేదు. క్రాంక్ నుంచి కదలిక తీసుకునే ఒక బుల్లి పంపు, బార్ మొదట్లో ఉన్న రంధ్రం గుండా ఆయిల్‌ని గాడిలోకి తోస్తుంది. చైన్ అడుగున ఉండే లింకులు దాన్ని గాడి వెంట ముందుకు లాక్కుపోతాయి. చైన్ కొస దాకా పోయి తిరిగొచ్చేసరికి చాలా ఆయిల్ పొట్టుతో కలిసి బయట పడి ఉంటుంది. ఫుల్ రేస్‌లో చైన్ సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైనే. ఆ వేగంతో ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటూ, పైగా చెక్కలో కూరుకుని నడవాలి. ప్రతి క్షణం కొత్త ఆయిల్ కావాలి.

ఆ స్క్రూ చేసేదల్లా పంపులోని పిస్టన్ ఎంత దూరం కదలాలో నిర్ణయించడం. దాన్ని ఒక్క చోట పెట్టి మరిచిపోవడం కుదరదు. పొడుగు బార్‌కి ఎక్కువ కావాలి. ఎండిన గట్టి కర్రకి ఎక్కువ కావాలి. పచ్చి మెత్తటి కర్రకి తక్కువ చాలు. అన్నిటికంటే నన్ను సిగ్గుపడేలా చేసిన విషయం ఇంకోటి ఉంది. పెట్రోల్ అయిపోయేసరికి ఆయిల్ కూడా దాదాపు అయిపోయేట్టు ట్యాంకుల సైజులే అలా పెడతారు. పెట్రోల్ పోసిన ప్రతిసారీ ఆయిల్ పోయమని మాన్యువల్స్ అన్నీ చెప్తాయి. పెట్రోల్ అయిపోయాక ఆయిల్ ఇంకా చాలా మిగిలిందంటేనే ఏదో తేడా ఉన్నట్టు. ఏ లక్షణం చూసి నేను జబ్బు అనుకున్నానో అది ఆ మిషన్ ఆరోగ్యం.

తర్వాత జరిగింది నాకు కాక చెప్పలేదు. నెలన్నరకి ఫోన్‌లో చిన్నమ్మ మాటల మధ్యలో అనేసింది. "మిషిన్ ఖరాబై మూడు దినాలు ఇంట్లనే కూసున్నడు. నీకు జెప్పొద్దన్నడు."

నేను మిషన్ "బాగుచేసిన" మర్నాడే ఆయన ఎండు తుమ్మ కోయడానికి పోయాడు. ఎండలు బాగా ముదిరిన రోజులు. రెండో మొద్దు దగ్గరే పొగ మొదలైంది. తుమ్మ కదా, పండ్లు మొద్దుబారినయేమో అనుకుని ఆకురాయితో సానబెట్టాడు. చైన్ వేడెక్కి సాగి వదులైతే, బిగించాడు. బిగించి చాయ్ తాగడానికి పోయాడు. వేడి మీద సాగిన చైన్ చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే పని ఆపినప్పుడు వదులు చేయాలంటారు. చాయ్ తాగొచ్చి స్టార్ట్ చేస్తే చైన్ బార్‌ని పట్టేసుకుని కదల్లేదు, క్లచ్ కాలింది. తంటాలు పడి వదిలించి మళ్లీ రేస్ ఇచ్చేసరికి చైన్ గాడిలోంచి ఎగిరిపడింది. బార్ మొదట్లో, మిషన్ అడుగు వైపు ఉండే కొక్కెం చాలావరకు ఆపింది. మిగతాది ఆయన పాయింటుని మోకాలి పైన జానెడు చీల్చింది. తొడకి గీత కూడా పడలేదు.

ఉక్కు నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా పోయినట్టు. ఇది కాలేజీలో పరీక్షకి చదివాను, మార్కులు కూడా వచ్చాయి.

బార్, చైన్, క్లచ్ డ్రమ్ కలిపి రెండున్నర వేలు అయిందట. మూడు రోజుల కూలి దీనికి అదనం. ఫోన్ చేసి అడిగితే కాక, "ఏం గాలే తియ్ బిడ్డా, నువ్వు మంచికే జేసినవ్" అన్నాడు. డబ్బులు పంపితే చిన్నమ్మ నంబర్ నుంచి తిరిగొచ్చాయి.

దసరాకి పోయేలోపు చైన్ ఆయిల్ గురించి దొరికినదల్లా చదివాను. ఇది పశ్చాత్తాపమో, అలవాటో చెప్పలేను. అసలు చైన్ ఆయిల్‌ని మామూలు ఆయిల్ నుంచి వేరు చేసేది జిగురు. పాలీఐసోబ్యుటిలీన్ లాంటి పొడుగు అణువుల పదార్థం కొంచెం కలుపుతారు. వేళ్ల మధ్య పెట్టి లాగితే పాకంలా తీగ సాగుతుంది. ఆ తీగ వల్లే బార్ కొస మలుపు దగ్గర ఆయిల్ చిమ్మిపోకుండా చైన్‌ని అంటుకుని ఉంటుంది. కాక వాడేది ఇది కాదు. బైక్ మెకానిక్ షెడ్లలో తీసేసిన కాలిన ఆయిల్. నల్లగా, నీళ్లలా ఉంటుంది. దానికి జిగురు లేదు, ఎండలకి ఇంకా పలచబడుతుంది, పైగా సన్నటి ఇనుప రజను. నేను స్క్రూ తిప్పకముందు కూడా ఆయిల్‌లో చాలా భాగం మలుపు దగ్గరే ఎగిరిపోతూ ఉండేదన్నమాట. ఎక్కువ ఇవ్వడం వల్లే ఆ బార్ అన్నాళ్లు బతికింది. కాక దాన్ని ప్లస్ వైపు పెట్టుకుంది తెలిసే.

ఇంకో సంగతి కూడా చదివాను, అది బార్ గురించి కాదు. కాలిన ఆయిల్ చర్మానికి పదే పదే తగిలితే క్యాన్సర్ రావచ్చని, చైన్‌కి దాన్ని వాడొద్దని మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. కాక ముంజేతులు గుర్తొచ్చాయి. ఎప్పుడూ సన్నటి నల్ల పొక్కులుంటాయి, కొన్ని మానవు. చిన్నప్పట్నుంచీ వాటిని ఎండ వల్ల అనుకునేవాణ్ని. మిషన్ కొని ఐదేళ్లే అయిందన్న లెక్క నాకెందుకు తట్టలేదో!

దసరాకి రెండు లీటర్ల కంపెనీ ఆయిల్ డబ్బాలు పట్టుకెళ్లాను. కాక మూత తీసి, వేలు ముంచి, తీగ సాగదీసి చూశాడు. "మస్తుందిరా. లీటర్ ఎంత?"

చెప్పాను. నవ్వలేదు. దినానికి ఐదు ట్యాంకులు పోస్తాడు. అంటే లీటరుంపావు ఆయిల్. చెట్టు కోయించుకునేవాళ్లు చెట్టుకింత అని మాట్లాడతారు. ఆయిల్‌కని వేరే ఎవరూ ఇవ్వరు. ఆయన రేటు పెంచితే పక్కూళ్లో ఇంకో మిషన్ ఉంది. "నువ్వు తెచ్చినవి రెండు దినాలకైతయ్. మూడో దినం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నెలనెలా పంపుతానన్నాను. చిన్నమ్మ నంబర్ నుంచి తిరిగొచ్చిన డబ్బులు ఇద్దరికీ గుర్తొచ్చాయనుకుంటాను, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మాట మార్చడానికి ఆస్ట్రియా సంగతి చెప్పాను. అక్కడ 1992 నుంచి చైన్ రంపాల్లో పెట్రోలియం ఆయిల్ వాడటం నిషేధం. పోసిందంతా అడవి నేలలోకే పోతుంది కాబట్టి, మట్టిలో కలిసిపోయే ఆయిలే పోయాలి. ఎక్కువగా రేప్‌సీడ్ నూనె, మన ఆవాల జాతిదే. కాకకి ఆసక్తి కలిగింది. నాకు ఉత్సాహం వచ్చి, మన దగ్గర కుసుమలు పండుతాయి కదా, గానుగ నూనె పోస్తే ఎలా ఉంటుందని అడిగాను.

"వండుకునే నూనె మిషిన్ల వోస్తడట!" అని లోపల్నుంచి చిన్నమ్మ.

కాక మాత్రం ఆలోచించి అన్నాడు. "కుసుమ నూనె వొద్దు బిడ్డా. సీస చుట్టు ఎట్ల జిగట గడ్తదో చూడలే? నాలుగు దినాలు మిషిన్ పక్కన వెడ్తే అంత పట్టుకుంటది."

తర్వాత చూశాను. ఆయన అన్నది నిజం. కుసుమ నూనె గాలి తగిలితే ఆరి పొర కడుతుంది. ఆ గుణం వల్లే చిత్రకారులు దాన్ని రంగుల్లో కలుపుతారు. మూడు డాక్యుమెంట్లు చదివి నేను తెలుసుకున్నది ఆయన సీసా మూత చూసి తెలుసుకున్నాడు.

"మా నాయిన బండికి కందెన వెట్టేటోడు" అన్నాడు కాసేపాగి. "గడ్డి గాల్చిన మసి, ఆముదం. రెండు గలిపి ఇరుసుకు రాసేది. ఆముదమైతే పట్టుకోని ఉంటది." కందెన అనే మాట నేను పుస్తకాల్లో చదివాను, వాడుకలో వినడం అదే మొదటిసారి. ఆ కందెన కూడా బండి తిరిగినంత మేరా బాట మీద రాలిపోయేదే. మళ్లీ మళ్లీ పెట్టాలి. దాన్ని ఎవరూ లీక్ అనుకోలేదు.

ఆముదం మాట మా ఇద్దరికీ నచ్చింది గానీ, దాని ధర చూస్తే కంపెనీ ఆయిల్‌కి ఏమీ తీసిపోలేదు. ఆ రోజు చివరికి తేలింది చాలా చిన్న ఏర్పాటు. కాలిన ఆయిల్ పూర్తిగా బంద్. డబ్బా మొత్తంగా కొంటే చవకగా పడే కొత్త ఇంజిన్ ఆయిల్. గట్టి కర్ర ఉన్న రోజు మాత్రం కంపెనీ చైన్ ఆయిల్. చేతులకు నిండు చేతుల చొక్కా, తొడుగులు. తొడుగుల దగ్గర కాక ఒప్పుకోలేదు, పట్టు దొరకదంటాడు. చొక్కా వేసుకుంటున్నాడు. పొక్కులు డాక్టర్‌కి చూపించుకోమని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, "పత్తి ఏరినంక" అంటున్నాడు.

స్క్రూ పని ఆయనే చేశాడు. నన్ను ముట్టనివ్వలేదు. ముందు బార్ ఊడదీసి, గాడిలో పేరుకున్న పొట్టుని పాత బ్లేడుతో గీకి, మొదట్లోని ఆయిల్ రంధ్రాన్ని పుల్లతో పొడిచి చూశాడు. రంధ్రం మూసుకుంటే స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు. సగం ఫిర్యాదులకి కారణం అదేనట. తర్వాత నన్ను పేపర్ పట్టుకురమ్మన్నాడు. ఆదివారం అనుబంధం ఒకటి దొరికింది. దాన్ని కింద పరిచి, రాళ్లు పెట్టి, జానెడు ఎత్తులో బార్ కొసని దాని వైపు చూపిస్తూ రేస్ ఇచ్చాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పేపర్ మీద సన్నటి చుక్కలు, చుక్కలన్నీ కలిసి ఒక గీత. ఆపి, పావు వంతు ప్లస్ వైపు తిప్పాడు. మళ్లీ రేస్. ఈసారి గీత ముదురుగా వచ్చింది, అటూ ఇటూ చిమ్మలేదు.

"గింత చాలు."

చిన్నమ్మ గోళ్ల రంగు సీసా అడిగి తెచ్చి, స్క్రూ తల మీద ఒక చుక్క, దానికి ఎదురుగా మిషన్ మీద ఒక చుక్క పెట్టాడు. ఎర్రటివి. అవి రెండూ ఎదురెదురుగా ఉన్నాయంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఆరేదాకా మిషన్‌ని తిరగేసే ఉంచి, మేకల కొట్టం గడియ వేసి వచ్చాడు.