పండగ పాటలో దిగులు
మంచి క్రిస్మస్ పాటలో సంబరంతో పాటు కాస్త దిగులూ ఉండాలి. 1942లో బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ వినండి: గొంతు పెంచడు, పక్కనే కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు మంద్రంగా పాడతాడు. ఇంటికి దూరంగా యుద్ధంలో ఉన్న అమెరికన్ సైనికులు ఆ పాటనే మళ్లీ మళ్లీ అడిగారు. రికార్డులు తీసీ తీసీ మూలపు అచ్చు అరిగిపోతే 1947లో మళ్లీ పాడించారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది అదే.

పండగ పూట ఈ బెంగ పాటలేమిటని అడగొచ్చు. న్యాయమే. 1957లో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా కూడా అలాగే అనుకుని, 1944లో జూడీ గార్లండ్ సినిమాలో పాడిన ‘హ్యావ్ యువర్‌సెల్ఫ్ ఎ మెర్రీ లిటిల్ క్రిస్మస్’లో ఒక దిగులు పాదాన్ని మార్పించాడు. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ సినిమాలో గార్లండ్ పాడింది, ఊరు విడిచి వెళ్లాల్సి వస్తోందని కుమిలిపోతున్న చిట్టి చెల్లెలి కోసం. ఆ ఓదార్పులోని వణుకు సినాట్రా పాటలో దొరకదు.