అతుకుపని

ఋషికుల్య, బడనది కలిసే చోట అస్కా ఉంది. గంజాం జిల్లాలోని ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి అరుగు మీద సాయంత్రం పూట అమ్మమ్మ, మనుమరాలు కూర్చుని లేసు అల్లేవారు. అమ్మమ్మ పుట్టిల్లు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గరి పల్లె.

ఆ ప్రాంతపు స్త్రీలకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ అల్లిక నేర్పారు. సన్నని నూలుదారం, కొన వంగిన చిన్న సూది, ఇవే పనిముట్లు. పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని ఒకటిగా కలిపేవారు మరికొందరు. ఆ కలిపే పనినే 'అతుకుపని' అంటారు. అమ్మమ్మ చిన్ననాటి నుంచి చేసింది అదే.

"పువ్వు ఒకరిది, ఆకు ఇంకొకరిది, అతుకు నాది. అన్నీ కలిసి ఓడెక్కి ఏ దేశానికో పోయేవి. వాటి మీద మా పేర్లు మాత్రం ఉండేవి కావమ్మా" అనేది ఆమె.

ఆ బాధ ఆమె ఒక్కరిదే కాదు. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారిపై పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఇంటి చాకిరీ అంతా చేసి, ఆపైన గంటల తరబడి లేసు అల్లే స్త్రీలను కూడా లోకం ఉత్త గృహిణులుగానే లెక్కించిందనీ, వారి కష్టాన్ని తీరికవేళ కాలక్షేపంగా చూసిందనీ ఆమె వివరించారు.

మనుమరాలు మొదట నేర్చినది చక్రం. మొదటి వరుసలో 6 కుట్లు, తరువాత 12, ఆపైన 18. వరుసకు ఆరేసి పెరిగితే అల్లిక పళ్లెంలా చదునుగా వస్తుంది. తక్కువ పెరిగితే గిన్నెలా లోతవుతుంది. ఒకనాడు ఆమె లెక్క తప్పి ఎక్కువ కుట్లు వేసింది. అల్లిక కోడిజుట్టు పువ్వులా ముడతలు పడింది. విప్పబోతుంటే అమ్మమ్మ ఆపింది. "తప్పేమో గాని, అందంగా ఉంది. ఉంచు" అంది.

ఆ ముడతలలో గణితం ఉంది. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమినా అనే గణితవేత్త ఇలాగే కుట్లు పెంచుతూ అల్లి, కాగితం మీద చూపడం కష్టమైన ఒక వక్రతలాన్ని విద్యార్థుల చేతికి అందించారు.

వరుసల కట్టుబాటు లేకుండా చిన్న చిన్న ముక్కలు అల్లి, నచ్చిన తీరున కలుపుకుంటూ పోయే పద్ధతిని 'స్వేచ్ఛా అల్లిక' అనవచ్చు. 1845లో మొదలైన కరవు కాలంలో ఐర్లాండు స్త్రీలు గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, వలలాంటి అల్లికతో కలిపి అమ్ముకుని కుటుంబాలను పోషించారు. మనుమరాలికి ఈ పద్ధతి కొత్తగా తోచలేదు. అది అమ్మమ్మ అతుకుపనే. ఒక్కటే తేడా: ఏది ఎక్కడ అతకాలో ఇక్కడ అల్లేవారే నిర్ణయిస్తారు.

ఆమె ఒక నోటు పుస్తకం పెట్టింది. ప్రతి ముక్కకు ఎన్ని కుట్లు, ఏ దారం, ఎన్ని గంటలు పట్టిందో రాసుకుంది. అలా ఏడాది శ్రమించి ఒక శాలువా తయారు చేసి బరంపురంలోని ఒక దుకాణానికి పట్టుకెళ్లింది. యజమాని మెచ్చుకున్నాడు. "ఇలాంటివే పది కావాలి. దారం బరువును బట్టి వెల కడతాను" అన్నాడు.

"ఇలాంటిది ఇంకొకటి రాదండి. వెల దారానికి కాదు, పనికి కట్టాలి" అంటూ ఆమె నోటు పుస్తకం చూపింది. ఆయన కాసేపు పేజీలు తిప్పి, శాలువా తిరిగి ఇచ్చేశాడు.

అమ్మాయి చిన్నబుచ్చుకుని ఇల్లు చేరింది. అమ్మమ్మ నోటు పుస్తకం అందుకుని గంటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇన్నేళ్లలో నేను ఎన్ని గంటలు అల్లానో ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. నువ్వు రాశావు. మానకు" అంది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరికి పేరు వచ్చింది. అల్లిన చేతికి కూడా పేరు రావాలి. ఆ శాలువా ఇప్పటికీ అస్కాలోని ఆ ఇంట్లోనే ఉంది. దాని అంచున చిన్న గుడ్డముక్క మీద రెండు పేర్లు కుట్టి ఉన్నాయి. మొదటిది అమ్మమ్మది.