అమ్మ మతిమరుపూ, చేప నూనె మాత్రలూ

ఇండియా ప్రయాణం అనగానే మన సూట్‌కేసుల్లో బాదంపప్పుల పక్కన చేరే వస్తువు చేప నూనె మాత్రల సీసా. "మెదడుకి మంచిదటగా డాక్టరుగారూ?" అని మన పిక్నిక్‌లో కనీసం నలుగురైనా అడుగుతారు. కిందటేడు ఆ ప్రశ్న మా ఇంట్లోంచే వచ్చింది. రాజమండ్రిలో ఉన్న మా అమ్మకి మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు మరిచిపోవడం దాటి, మనవరాలి పేరు తడుముకునేదాకా వచ్చింది. "నాలుగు సీసాలు పట్టుకురారా" అని అన్నయ్య ఫోను.

నీళ్ళు తీసేసి తూస్తే మన మెదడులో సగానికి పైగా కొవ్వే. అందులో డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 ఆమ్లం నాడీకణాల పొరలకు చాలా ముఖ్యం. మెదడు దాన్ని తనకు చాలినంత తయారు చేసుకోలేదు, రక్తంలోంచి అందుకోవాలి. అయితే మెదడులోని రక్తనాళాల గోడలు మహా కట్టుదిట్టం. అక్కడ డి.హెచ్.ఎ.ని లోపలికి చేర్చే ద్వారపాలకుణ్ణి 2014లో సింగపూర్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఎం.ఎఫ్.ఎస్.డి.2ఎ అనే ప్రొటీను అది. తమాషా ఏమిటంటే, డి.హెచ్.ఎ. ఒంటరిగా వస్తే ఈయన పట్టించుకోడు. లైసోఫాస్ఫాటిడిల్ కోలిన్ అనే పల్లకీ ఎక్కి రావాలి! ఈ ప్రొటీను పుట్టుకతోనే చెడిన పిల్లలకి తల చిన్నదిగా ఉంటుందని 2015లో తేలింది. మామూలు చేప నూనె మాత్రల్లో ఈ పల్లకీ ఉండదు, దాన్ని మన కాలేయం కట్టాలి.

మరి మాత్ర మింగితే మతిమరుపు ఆగుతుందా? అమెరికాలో 402 మంది అల్జైమర్స్ రోగులతో చేసిన పరీక్షలో కొందరికి రోజుకి 2 గ్రాముల డి.హెచ్.ఎ. చొప్పున 18 నెలలు ఇచ్చారు. జబ్బు వేగం తగ్గలేదని 2010లో ప్రకటించారు. చేపల పులుసు తినేవారు నిక్షేపంగా తినండి, అది వేరే సంగతి.

"సీసాలు తేను, నేనే వస్తాను" అన్నాను అన్నయ్యతో. శాకాహారులకి బి12 తగ్గినా మతిమరుపు రావచ్చు, థైరాయిడ్ వల్లా రావచ్చు. ముందు ఆ పరీక్షలు చేయించాం. రెండూ సరిగానే ఉన్నాయి. సరిగా లేకపోతే బాగుండునని నేను కోరుకున్న పరీక్షలు అవే.

చేపలకి కూడా డి.హెచ్.ఎ. సముద్రపు నాచు నుంచే వస్తుంది, ఆ నాచు మాత్రలు దొరుకుతాయని అన్నాను. అమ్మ నవ్వి, "నాచైనా చేపైనా నాకొద్దురా నాన్నా, అవిసెగింజల పొడి ఉందిగా" అంది. అవిసెలోని ఒమేగా-3 మన ఒంట్లో డి.హెచ్.ఎ.గా మారేది బహు కొద్ది. ఆ మాట అమ్మతో అనలేదు.

మూడు వారాలు సెలవు పెట్టాను. సాయంత్రాలు గోదావరి గట్టు మీద ఇద్దరం నడిచాం. రక్తపోటు మాత్ర వేళకి వేసే పని వదిన తీసుకుంది.