జూబిలీ గాయకులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెనెసీ రాష్ట్రమునకు నాష్‌విల్ రాజధాని. 1865వ సంవత్సరమున అంతర్యుద్ధము ముగిసి, బానిసత్వము రద్దయిన పిమ్మట, విముక్తులైన నల్లజాతివారి కొరకు ఆ నగరమున ఒక విద్యాలయము వెలసెను. 1866 జనవరిలో తెరువబడిన ఆ విద్యాలయమే నేటి ఫిస్క్ విశ్వవిద్యాలయము. యుద్ధకాలమున సైనికులకు ఆసుపత్రిగా నుండిన పాత పాకలే దాని తరగతి గదులు. నిన్నటివరకు చదువునకు నోచుకొనని పిల్లలును, పెద్దలును, తల నెరసిన వృద్ధులును అచ్చటికి అక్షరములు నేర్చుకొన వచ్చిరి.

ఐదేండ్లు గడచునప్పటికి విద్యాలయము అప్పులపాలయ్యెను. కట్టడములు శిథిలమై, తలుపులు మూయవలసిన దినము సమీపించెను. అప్పుడు కోశాధికారియైన జార్జి వైట్ ఒక ఉపాయము నాలోచించెను. ఆయన తీరిక వేళల విద్యార్థులకు సంగీతము నేర్పుచుండెడివాడు. వారిని ఊరూర త్రిప్పి, కచేరీలు చేయించి, ధనము కూర్చవలెనని ఆయన సంకల్పము. పెద్దలు పలువురు సందేహించిరి. అయినను 1871 అక్టోబరు 6వ తేదీన తొమ్మండుగురు గాయకులు నాష్‌విల్ విడిచి బయలుదేరిరి. వారిలో అయిదుగురు యువతులు, నలుగురు యువకులు. అందఱిలోను చిన్నది పదునాలుగేండ్ల బాలిక. వారిలో అధికులు బానిసలుగా పుట్టినవారే.

ఆ బృందమునకు పియానో వాయించుచు, సాధన చేయించుచు, వైట్‌కు కుడిభుజమై నిలిచినది ఎల్లా షెపర్డ్. ఆమె 1851లో బానిసగా జన్మించెను. తండ్రి వెలయిచ్చి ఆమెను విడిపించుకొనెను గాని తల్లిని విడిపింపలేకపోయెను. సిన్సినాటి నగరమున ఆమెకు సంగీతము నేర్పిన గురువు, నల్లపిల్లకు పాఠము చెప్పుట లోకమునకు తెలియరాదని, రాత్రివేళ పెరటి త్రోవను రమ్మనెనట. ఆమె ఆ అవమానమును దిగమ్రింగి విద్య నేర్చెను.

మన భజనలో ఎందరు పాడినను స్వరము ఒక్కటే. పాశ్చాత్య బృందగానమున అట్లు కాదు. స్త్రీల హెచ్చు, తగ్గు కంఠములకును, పురుషుల హెచ్చు, తగ్గు కంఠములకును వేఱువేఱు స్వరములు నిర్ణయింపబడును. నాలుగు పాయలును కలిసి ఒకే ప్రవాహము కావలెను. ఒక్కరు తన గొంతు వినిపింపవలెనని హెచ్చుగా పాడినచో ఆ పొందిక చెడును. తోడివారి గొంతు వినుచు తన గొంతు నడచుకొనుటే అందలి సాధన.

మొదట వారు నాడు ప్రచారములో నున్న తెల్లవారి పాటలనే పాడుచుండిరి. బానిసత్వపు చీకటి దినములలో తమ తల్లిదండ్రులు పాడుకొన్న భక్తిగీతములు వారికి రాకపోలేదు. కాని అవి వారికి పరమ పవిత్రములు. అంతేకాక అవి తాము మఱవదలచిన దుఃఖమును గుర్తునకు తెచ్చునవి. వానిని పరుల యెదుట పాడుటకు వారి మనస్సు ఒప్పుకొనలేదు. నాలుగు గోడల నడుమ మాత్రమే పాడుకొనెడివారు.

యాత్ర సుఖముగా సాగలేదు. హోటళ్లు వారికి చోటియ్య నిరాకరించెను. వసూళ్లు దారిఖర్చులకే చాలకుండెను. ఆ దినములలోనే చికాగో నగరము అగ్నికి ఆహుతియయ్యెను. తమకే గతిలేని ఆ గాయకులు ఒహాయో రాష్ట్రమున చేసిన కచేరీ రాబడి, సుమారు 50 డాలర్లు, ఆ బాధితుల కిచ్చివేసిరి.

నవంబరులో ఓబర్లిన్ పట్టణమున క్రైస్తవ మతాచార్యుల సభ జరుగుచుండెను. అచ్చట వారు 'స్టీల్ అవే' అను తమ పెద్దల గీతమును మెల్లగా ఎత్తుకొనిరి. ముచ్చటలలో మునిగియున్న సభ ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యెను. నాటినుండి ఆ గీతములే వారి కచేరీలకు ప్రాణమయ్యెను. యూదుల గ్రంథమున బానిసలు విడుదల పొందు సంవత్సరమునకు జూబిలీ యని పేరు. వైట్ ఆ పేరునే బృందమున కుంచెను.

1872లో వారు అధ్యక్షుడు గ్రాంట్ ఎదుటను, 1873లో విక్టోరియా రాణి ఎదుటను పాడిరి. వారు కూర్చిన ధనముతో నాష్‌విల్‌లో లేచిన జూబిలీ హాల్ 1876లో ప్రారంభమయ్యెను. 1878 వరకు ఆ యాత్రలు సాగెను. విద్యాలయము నిలిచెను. కాని ఎడతెగని ప్రయాణములచే గాయకుల ఆరోగ్యము చెడెను. ఎల్లా షెపర్డ్ మొదలైనవారు తమ చదువును పూర్తిచేసి పట్టము పొందలేకపోయిరి. ఇతరుల చదువును నిలబెట్టుటకై వారు తమ చదువును విడిచిరి. తరువాత ఆ బృందమునకు చెందిన ఫ్రెడరిక్ లౌడిన్ వేఱొక బృందమును కూర్చుకొని, 1884 మొదలు 1890 వరకు దేశదేశములు తిరిగి, భారతదేశమునకును వచ్చెను.

ఫిస్క్‌లో నేటికిని విద్యార్థులు ఆ బృందముగా పాడుచున్నారు. వారికి 2008లో అమెరికా జాతీయ కళాపతకమును, 2021లో గ్రామీ పురస్కారమును లభించెను. ఏటేట అక్టోబరు 6వ తేదీని జూబిలీ దినముగా జరుపుకొని, ఆ తొమ్మండుగురిని స్మరించుచున్నారు. తమవారి పాటను దాచుకొనవలసినదిగా తలచిన ఆ యువతీయువకులు, ఆ పాటతోడనే ఒక విద్యాలయమును నిలువబెట్టిరి.