రెండు చక్రాల పడవ

సావనీరుకి ఏదైనా రాసివ్వమని మా యూనియన్ కార్యదర్శి మెస్సులో నా కంచం పక్కన కూర్చుని మరీ అడిగాడు. కవిత్వం నాకు రాదు. కథ రాస్తే ఎవరి మీద రాశావని మా బ్యాచ్‌లో తగాదా వస్తుంది. అందుచేత రెండేళ్ళుగా నా బుర్రలో తిరుగుతున్న విషయమే రాస్తున్నాను. పడవని నెట్టేదేమిటి, తిప్పేదేమిటి అన్నదే ఆ విషయం. ఫిజిక్సు మిత్రులు తప్పులుంటే పట్టుకోవచ్చు, ఆర్ట్సు మిత్రులు దయచేసి పేజీ తిప్పెయ్యకండి.

మాది గోదావరి పాయ ఒడ్డున వున్న వూరు. నాలుగెకరాల వరిచేను, గట్ల మీద కొబ్బరిచెట్లు. ఆసుపత్రి, జూనియర్ కాలేజీ, సినిమా హాలు అన్నీ అవతలి ఒడ్డునే. మధ్యలో రేవు, రేవులో ఇంజను పంటు. నేను ఇంటరు రెండో సంవత్సరంలో వుండగా, ఆగస్టులో ఎర్రనీళ్ళు దిగిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున మామ్మకి మూతి పక్కకి తిరిగి ఎడంచెయ్యి పడిపోయింది. నాన్నా నేనూ మరో ఇద్దరూ కలిసి మంచంతో సహా పంటు ఎక్కించాం. నడి ఏట్లోకి వెళ్ళేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

సరంగు స్టీరింగు కుడికి కొట్టాడు, ఎడమకి కొట్టాడు. పంటు అడ్డం తిరిగి ప్రవాహంతోపాటు దిగువకి పోతోంది. నాన్న మంచం పట్టె పట్టుకుని, “చుక్కాని తిప్పవయ్యా!” అని అరిచాడు. “తిప్పుతూనే వున్నానండీ, పలకట్లేదు” అన్నాడతను. కిలోమీటరు పైగా కొట్టుకుపోయాక చేపలవాళ్ళ పడవ వచ్చి, మోకు అందుకుని మమ్మల్ని ఒడ్డుకి లాగింది. గంటన్నర పోయింది. ఇంకాస్త ముందు తెస్తే బాగుండేదని డాక్టరు గారన్నారు. మామ్మ బతికింది. ఎడంచెయ్యి మాత్రం ఇప్పటికీ లేవదు. చాలారోజులు నాన్నకీ నాకూ ఆ సరంగు మీదే కోపం. పాపం, అతని తప్పేమీ లేదని తెలుసుకోవడానికి నాకు బియస్సీ మొదటి సంవత్సరం దాకా పట్టింది.

చుక్కాని తనంతట తాను పడవని తిప్పదు. దాని మీదుగా నీళ్ళు పారుతూంటే వాటిని పక్కకి మళ్ళిస్తుంది, ఆ మళ్ళించడంలో పుట్టే తోపుడే పడవ వెనక భాగాన్ని దానికి ఎదురువైపుకి జరుపుతుంది. నీటి వేగం సగమైతే ఆ తోపుడు నాలుగో వంతుకి పడిపోతుంది. వేగం లేకపోతే తోపుడే లేదు. “మరి గోదావరి అంత జోరుగా పోతోంది గదా?” అని మా రూమ్మేటు అడిగాడు. పోతోంది, పంటు కూడా దాంతోపాటే అంతే జోరుగా పోతోంది. ఒడ్డు నుంచి చూస్తే పరుగు. చుక్కాని లెక్కలో మాత్రం నీళ్ళు నిలబడే వున్నాయి. ఇంజను ఆగిన క్షణానే స్టీరింగు కూడా పోయింది.

అలాంటప్పుడు నెట్టేదీ తిప్పేదీ ఒకటే అయిన పడవ వుంటే? ఈ ఆలోచన నాకు పుస్తకంలో రాలేదు, దమ్ము చేలో వచ్చింది. ట్రాక్టరుకి ఇనప దమ్ము చక్రాలు తగిలించి బురదలోకి దింపితే అది సగం పడవే. ఆ రేకులు బురదని వెనక్కి తోస్తాయి, బండి ముందుకు పోతుంది. ఆ బురదలో ముందు చక్రాలు తిప్పితే బండి జారుతుందే తప్ప తిరగదు. అందుకని నాన్న గట్టు దగ్గరకి రాగానే ఒకవైపు బ్రేకు మాత్రం తొక్కుతాడు. ఆ చక్రం ఆగుతుంది, రెండోది తిరుగుతుంది, బండి అక్కడికక్కడే మళ్ళుతుంది.

తెడ్ల చక్రాల పడవ సరిగ్గా ఇదే. ఈ పడవల కాలం పోయిందనే మాట నిజమే. 1845లో బ్రిటిష్ నౌకాదళం మరచక్రంతో నడిచే రాట్లర్‌ని, తెడ్ల చక్రాలతో నడిచే అలెక్టోని వెనకా వెనకా కట్టి లాగిస్తే, రాట్లర్ అలెక్టోని వెనక్కి ఈడ్చుకుపోయింది. అయినా అదే నౌకాదళం 1950ల చివర్లో ఏడు తెడ్ల చక్రాల టగ్గులు కట్టించింది! ఎడమ చక్రానికో కరెంటు మోటారు, కుడి చక్రానికో మోటారు. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పితే టగ్గు తన పొడవులోనే గుండ్రంగా తిరుగుతుంది. విమానవాహక నౌకల పక్కన మెలగాలంటే ఆ ఒడుపే కావాలి. మనలాంటి డెల్టా దేశమైన బంగ్లాదేశ్‌లో, 1929లో కలకత్తా గార్డెన్ రీచ్‌లో కట్టిన ఆస్ట్రిచ్ అనే ప్రయాణికుల పడవ ఆవిరి ఇంజను మార్చి డీజిలు పెట్టాక కూడా చక్రాలతోనే చాలా ఏళ్ళు నడిచింది.

చక్రానికి ఇబ్బంది ఏమిటంటే, అది నిమిషానికి ఏ ఇరవై చుట్లో తిరగాలి. డీజిలు ఇంజనేమో పద్దెనిమిది వందలు తిరుగుతుంది. మధ్యలో గేర్లు పెడితే పెట్టె ఏనుగంత అవుతుంది. ఇక్కడే నూనె పనికొస్తుంది. ఇంజను ఒక పంపుని తిప్పుతుంది, పంపు నూనెని గట్టి పీడనంతో గొట్టాల్లోకి తోస్తుంది, ఆ నూనె చక్రం దగ్గరున్న మోటారుని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. 150 బార్ పీడనంతో నిమిషానికి 100 లీటర్ల నూనె పోతే 25 కిలోవాట్లు, అంటే 33 హార్సుపవరు పైచిలుకు. ఇంజను ఎక్కడైనా పెట్టుకోవచ్చు, గొట్టం వంగుతుంది గదా. అమెరికాలో కొలంబియా నది కోసం 1990లలో కట్టిన క్వీన్ ఆఫ్ ద వెస్ట్ అనే నావకి వెనకున్న పెద్ద చక్రాన్ని ఇలా నూనెతోనే తిప్పేట్టు అమర్చారు.

ఈ నూనె మాయ మా వాళ్ళకి కొత్తేమీ కాదు. కోతలకి వచ్చే చైను మిషను నడిచేది దీంతోనే. లీవరు నిలువుగా వుంటే పంపు తిరుగుతున్నా నూనె కదలదు. పంపులోని పలక ఇటు వంగితే నూనె ఇటు, అటు వంగితే అటు. క్లచ్చు లేదు, గేరు మార్చడం లేదు, ముందుకి పోయేది అదే చేత్తో వెనక్కి వస్తుంది. పడవలో అలాంటి లీవర్లు రెండు పెడితే స్టీరింగు, యాక్సిలరేటరు రెండూ అవే.

మొదట నేను గీసిన బొమ్మలో పంపు ఒకటే. దాన్నుంచి గొట్టం రెండుగా చీలి రెండు మోటార్లకి పోతుంది. ఖర్చు తక్కువని మురిసిపోయాను. తర్వాత మా రేవు గుర్తొచ్చింది. ఒడ్డు రాగానే జనమంతా, మోటారు సైకిళ్ళతో సహా, ఒక పక్కకే తోసుకొస్తారు. ఆ పక్క చక్రం లోతుగా మునుగుతుంది, అవతలి చక్రం గాల్లోకి లేస్తుంది. నూనె సులువున్న దారినే పోతుంది. గాల్లో వున్న చక్రం గిర్రున తిరుగుతుంది, నీళ్ళలో వున్నది నిలబడిపోతుంది. ట్రాక్టరు ఒక చక్రం గుంటలో పడితే అదొక్కటే తిరుగుతూ, గట్టినేల మీదున్నది కదలకుండా వుండడం మీలో కొందరైనా చూసే వుంటారు. అదే జబ్బు. కాబట్టి చక్రానికో పంపు వుండాలి. దాంతో సరి అనుకున్నాను.

ఈ బొమ్మతోనే డిపార్టుమెంటు సెమినార్లో మాట్లాడాను. నూనెలో నాలుగో వంతు శక్తి వేడిగా పోవచ్చని, గొట్టం పగిలితే వేడి సైలెన్సరు మీద పడిన నూనె తుంపర అంటుకుంటుందని, కారుతున్న చోట వేలు పెడితే నూనె చర్మంలోకి దూసుకుపోతుందని అన్నీ చెప్పాను. పంటు కథ కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న మా లెక్చరరు గారు లేచి, “ఇంజన్లెన్నోయ్?” అనడిగారు.

“ఒకటేనండి. పంపులు రెండు.”

“మీ మామ్మ గారి పంటులో ఆగింది పంపా, ఇంజనా?”

నా నోట మాట లేదు. రెండేళ్ళుగా ఆ పొద్దుటి గురించే ఆలోచిస్తూ, ఆ పొద్దున ఆగిపోయిందేదో అదే బొమ్మలో ఒంటరిగా వదిలేశాను. క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. “మళ్ళీ గియ్యి, నాకు చూపించు” అన్నారు.

ఇప్పుడు నా బొమ్మలో ఇంజన్లు రెండు, డీజిలు ట్యాంకులు రెండు, నూనె తొట్లు రెండు, మధ్యలో ఇనప గోడ. ఖర్చు ఎవరు పెడతారని నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, దానికి నా దగ్గర జవాబు లేదు. నిండు వరదలో ఈ పడవ కూడా ఎదురీదుతుందని నేను చెప్పను. ఒక ఇంజను ఆగితే రెండోదాంతో ఏదో ఒక ఒడ్డు చేరాలి, నా లెక్క అంతవరకే.

సంక్రాంతి సెలవుల్లో థర్మోకోలుతో ఒక నమూనా చేశాను. నూనె పెట్టేంత స్తోమత లేక బొమ్మకారు మోటార్లు రెండు, వేరువేరు బ్యాటరీలు పెట్టి ఇంటి వెనక కాలవలో వదిలాను. రెండూ తిరుగుతుంటే గీత గీసినట్టు పోయింది. ఒక బ్యాటరీ పీకేస్తే గుండ్రంగా తిరగడమే తప్ప ముందుకు రాదు. మధ్యలో వున్న చుక్కాని ఎంత వంచినా లాభం లేకపోయింది. రెండు రోజులు తలపట్టుకున్నాక, చుక్కాని తీసేసి ప్రతి చక్రం వెనకా ఒకటి చొప్పున చిన్నవి రెండు పెట్టాను. తిరుగుతున్న చక్రం విసిరే నీళ్ళు సూటిగా దాని చుక్కాని మీదే పడతాయి. పడవ నడక లేకపోయినా దానికి నీళ్ళు అందుతాయి. ఈసారి ఒక్క చక్రంతోనే, పీతలాగా ఏటవాలుగా, కాలవ మెట్ల దాకా వచ్చి ఆగింది.

మెట్ల మీద మామ్మ కూర్చుని వుంది. కుడిచేత్తో దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో మంచం ఎక్కడ పెడతావురా?” అంది.

నేను మంచానికి చోటు వదల్లేదు. ఇనప గోడకీ మెట్లకీ మధ్య ఆరున్నర అడుగులు పెంచి మళ్ళీ గీస్తున్నాను.