అవిశ నీడన ఆకుతోట

కడప నుంచి గండికోటకు ఎర్రగుంట్ల మీదుగా పోతే దగ్గర. అయినా మైదుకూరు, ప్రొద్దుటూరు చుట్టుదారి పట్టాను. ఆ దారిలోని చెన్నూరు తమలపాకు తోటలు చూడాలని కోరిక.

బయట మాడ్చే ఎండ. అవిశ చెట్ల వరసల మధ్యకు వంగి దూరగానే ఒళ్ళు చల్లబడింది. ముందు అవిశ గింజలు వేసి, మొక్కలు ఎదిగాక వాటి మొదట్లో తమలపాకు తీగ నాటుతారు. అవిశే గుంజ, అవిశే పందిరి.

“ఎండ తగిల్తే ఆకు చిన్నదైతాది, పసుపెక్కుతాది, కారం పుడ్తాది సార్. అట్లని నీడ ఎక్కువైతే తీగ సాగుతాదే గానీ ఆకులో పస ఉండదు,” అన్నాడు తోట రైతు. వానలప్పుడు కొమ్మలు నరికి వెలుతురు రానిస్తారట. నరికిన రొట్ట మేకలకు. ఎండాకాలం మాత్రం కొమ్మ మీద కత్తి పెట్టరు.

జమ్మలమడుగు దాటాక పదిహేను కిలోమీటర్లకు గండికోట. కోటలో నీడ కావాలంటే రాతిగోడలే దిక్కు. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం తిరిగి, పెన్న కోసుకుపోయిన ఎర్రరాతి లోయ అంచున కాసేపు కూర్చుని, టీ బంకు చేరాను.

టీ మొక్కకూ నీడతో పెద్ద లెక్కే ఉంది. థియనిన్ అనే పదార్థం వేళ్ళలో తయారై చిగురుకెక్కుతుంది. టీకి కమ్మదనం దానివల్లే. ఎండ పడితే ఆకు దాన్ని విరిచి కాటెచిన్ల తయారీకి వాడుకుంటుంది. వగరు వాటిదే. వెలుతురు తగ్గిస్తే ఈ మార్పు మందగిస్తుంది, కెఫీన్ కూడా పెరుగుతుంది. దొరికిన కాస్త వెలుగునూ పట్టుకోవడానికి ఆకు పలచబడి, వెడల్పై, పత్రహరితం నింపుకుని ముదురుపచ్చగా తయారవుతుంది. జపాన్‌లోని ఉజి రైతులు గ్యొకురో టీ కోసం కోతకు సుమారు మూడు వారాల ముందు తోటను రెల్లుచాపలు, వరిగడ్డితో కప్పేవారు. ఇప్పుడు ఎక్కువగా నల్లవలలే. దిగుబడి పడిపోతుంది, పొద నీరసిస్తుంది. ధర మాత్రం ఆకాశంలో.

అస్సాం తోటల్లో నీడచెట్ల పని వేరు. ఆకు వేడి 35 డిగ్రీలు దాటితే మొక్క ఆహారం తయారుచేసుకోవడం బాగా తగ్గిపోతుంది, అందుకని ఆ చెట్లు. అక్కడ నీడ మొక్కను కాపాడుతుంది. ఉజిలో రుచి కోసం మొక్కను కష్టపెడుతుంది. చెన్నూరు రైతు ఒక్క కొడవలితో ఏడాది పొడవునా ఈ రెంటి మధ్యా తూకం వేస్తాడు. నా ఓటు ఆయనకే.

గ్యొకురో సంగతి బంకతనికి చెప్పాను. పాలు, చక్కెర వేయరన్నాను.

“మరి టీ అని ఎందుకంటారన్నా?” అంటూ నా గ్లాసులో ఇంకాస్త పోశాడు.