ఒక అంకె నేర్పిన పాఠము

పొలసరలో మన తెలుగువారు అంగడిలో ఒడియా మాటాడుదురు; ఇంటికి వచ్చి తెలుగు మాటాడుదురు. బేరమాడుటకు ఆ నోటి ఒడియా చాలును గాని, కచేరీ కాగితము చదువుటకు చాలదు. నాలుకకు వచ్చిన భాష కంటికి రాదు. ఈ భేదము వలన ఎన్ని కుటుంబములు చిక్కులలో పడుచున్నవో మేము పుస్తకములలో చదువలేదు. ఒక న్యాయసహాయ సంఘమునకు చేదోడుగా పనిచేసి తెలిసికొంటిమి.

ఆ సంఘము చాల చిన్నది. నెలకు రెండు ఆదివారములు బరంపురము నుండి ఒక ప్లీడరుగారు బస్సులో వచ్చి, ఒక ఇంటి అరుగుపై కూర్చుండి బీదల మొరలు వినెడివారు. మేము ముగ్గురము ఆయనకు సహాయకులము. మాలో ఎవరును న్యాయశాస్త్రము చదివినవారము కాము. 1894లో బరంపురమున జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము నభ్యసించి, 1969లో రాష్ట్రపతియైన వి. వి. గిరిగారి పేరు మనలో విననివారుండరు. కాని అరుగుమీది పనికి అంతటి విద్య అక్కరలేదు. వచ్చినవారి కాగితము చదివి తెలుగున చెప్పుట, వారు చెప్పినది ఒడియాలో వ్రాయుట, నకళ్లను వరుసగా కుట్టి యుంచుట—ఇంతియే. దీనికి రెండు లిపులును, కొంత ఓపికయు నున్న చాలునని తలచితిమి. మూడవది యొకటి కావలెనని తరువాత తెలిసినది.

ఒక ఆదివారము అరువదియేండ్లు దాటిన ఒక అవ్వ వచ్చెను. కొంగున ముడివేసిన కాగితము విప్పి మా ముందుంచి, "బాబూ, ఇది ఇంటికొచ్చి పది దినాలైంది. దీన్లో ఏటుందో సదివి సెప్పండి" అనెను. అది కోర్టు సమను. ఇంటిస్థలమును, పెరడును పంచి యిమ్మని ఆమె మరిది దావా వేసియుండెను. వేలిముద్ర వేసి పుచ్చుకొన్నప్పుడు ఎవరును వివరింపలేదా యని అడిగితిమి.

"సెప్పేరు బాబూ. ఒడియాలో సెప్పేరు. నేను తలూపేను."

ఆ తలయూపుటలోనే మనవారి కష్టమంతయు నున్నది. తెలియలేదని చెప్పుటకు సిగ్గు. మరల అడిగినచో ఏమందురో యని భయము. తలయూపినంతనే ఎదుటివారు ఈమెకు అంతయు తెలిసినదనుకొందురు. ఇంటికి వచ్చినది ఒక కాగితము మాత్రమే.

ఆనాడు ప్లీడరుగారు రాలేదు. ఆయన వచ్చువరకు ఆగక మేమే సమను చదివి, వాయిదా ఎనిమిదవ తేదీ యని చెప్పి పంపితిమి. ఆ తేదీ ఒడియా అంకెలలో చేతితో వ్రాయబడియుండెను. ఒడియా నాలుగును త్వరపడి వ్రాసినచో, పైకొసలు కలిసిపోయి మనకు అలవాటైన ఎనిమిదివలె కనబడును. చదివినది మాలో ఎవరో ఇచట చెప్పము. ముగ్గురమును చూచితిమి, ముగ్గురిలో ఒక్కరమును రెండవసారి చూడలేదు.

ఎనిమిదవ తేదీన అవ్వ చద్దిమూట కట్టుకొని మొదటి బస్సులో కోర్టుకు పోయెను. ఆనాటి వ్యాజ్యములలో ఆమె పేరు లేదు. నాలుగవ తేదీననే పిలిచిరనియు, ప్రతివాది రానందున విచారణ ఏకపక్షముగా సాగునని వ్రాసిరనియు అచటి గుమాస్తా చెప్పెను. ఆమె తిరిగివచ్చి మా అరుగుమీద కూర్చుండి, "మీరు సెప్పిన దినానే ఎల్లేను బాబూ" అని మాత్రమే పలికెను. తిట్టియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ప్లీడరుగారు వచ్చినపుడు మేము తల వంచుకొని నిలిచితిమి. జ్వరము వచ్చినదని వ్రాసిన సరిపోవునేమో యని మాలో ఒకరము నెమ్మదిగా అడిగితిమి కూడ. ఆయన కోపింపలేదు. "అవ్వకు జ్వరము రాలేదు. జరిగినది జరిగినట్లు వ్రాయుడు, తప్పు ఆమెది కాదని చెప్పవలసినవారు మీరే" అనిరి. తీర్పునకు ముందే వచ్చి తగిన కారణము చూపినచో, ఆ ప్రతివాది మొరను మరల వినుటకు న్యాయస్థానమునకు అధికారము కలదట. ఆ కారణము మా అజాగ్రత్తయే. ముగ్గురమును మా పేళ్లు వ్రాసి, ప్రమాణపత్రముపై సంతకములు చేసితిమి. ఊరిలో నలుగురికి తెలియునను బెరకు కలిగిన మాట నిజము. కాని అవ్వ ఇంటి ముందు ఆ బెరకు ఎంత?

ప్లీడరు ఖర్చు విషయములో మాత్రము దిగులు లేకపోయెను. బీదలకు ఉచిత న్యాయసహాయము కల్పింపవలెనను 39ఏ అధికరణము 1976లో రాజ్యాంగమున చేరినది. దానిని ఆచరణలో పెట్టుటకు 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9 నుండి అమలునకు వచ్చినది. ఆ చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును చెందినవారికిని, నిర్బంధములో నున్నవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా ప్లీడరును ఇచ్చెదరు. అవ్వ దరఖాస్తును మేమే వ్రాసితిమి. ఈసారి ప్రతి అంకెను ఇద్దరము వేరువేరుగా చదివితిమి.

న్యాయస్థానము ఆమె మొర వినుటకు అంగీకరించెను. కొన్ని నెలలకు ఆ దావా లోక్ అదాలతులో రాజీయైనది. ఇల్లును, నూతి దారియు అవ్వకు. పెరటిలో సగము మరిదికి. అట్టి రాజీకి డిక్రీతో సమానమైన బలముండును. దానిపై అప్పీలు లేదు. కనుక వేలిముద్రకు ముందు అవ్వ ఆ పత్రమును మాచేత తెలుగున మూడుమారులు చెప్పించుకొనెను. తేదీ వచ్చినపుడెల్ల మా ముఖము వంక చూచెను. ఆమె తలయూపలేదు; "ఇప్పుడు తెలిసింది" అని నోట చెప్పి, అటుపిమ్మట వ్రేలు సిరాలో ముంచెను.

1936లో ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, మద్రాసు రాజధానిలోని గంజాం సీమలో అధికభాగము అందులో చేరినది. నాటినుండి మనము ఒక భాషలో బ్రతుకుచు, మరియొక భాషలో కాగితములు పుచ్చుకొనుచున్నాము. రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషయందైనను అధికారులకు మొర వ్రాసికొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున ఇచ్చినది. హక్కు ఉన్నది, అయినను మన చేతికి వచ్చిన కాగితమును చదివి చెప్పువారు కావలయును.

విద్యార్థులారా, ఆ పని మీరు చేయగలరు. బడిలో తెలుగును, ఒడియాను నేర్చుచున్న మీరే మీ ఇంటికిని, పొరుగింటికిని కన్నులు. తల్లిదండ్రులారా, తెలియనిచోట తల యూపకుడు. న్యాయసహాయమునకు 15100 అను సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును. మేము కనుగొన్న మూడవ వస్తువు, తప్పు చదువుదుమేమో యను భయము. అది యున్నవాడే రెండవసారి చూచును.

నేటికిని మా అరుగుమీద తేదీలను అంకెలతో వ్రాసి యియ్యము. "నాలుగవ తేదీ, గురువారము" అని తెలుగు అక్షరములలో చిన్న చీటి వ్రాసి, ఇద్దరము చదివి, వచ్చినవారిచేత పలికించి, అప్పుడు వారి కొంగున ముడివేయుదుము.